మా యింటి వాయుపుత్రుడు



ప్రతి సంసారమునందును నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడు సంగతులు కొన్ని యుండును. ఒకరు అప్పుల సంగతి దాచుకొందురు. ఒకరు అత్తాకోడండ్ర మాటపట్టింపులు దాచుకొందురు. మేము దాచజూచినది అట్టిది కాదు. అది దాచిన దాగునదియు కాదు. తలుపులు బిగించినను సందులలోనుండి వెలికివచ్చి తన యునికిని తానే చాటుకొనునది. చుట్టి చెప్పుట యెందులకు? మా యింటి పెంపుడుకుక్కకు అపానవాయువు మిక్కుటము. ఈ మాట నేడు నవ్వుచు వ్రాయుచున్నాను గాని, మొదట దానిమూలమున మేము పడిన పాట్లు ఇన్నియన్ని కావు. ఆ పాట్లలోనుండి తుదకు మాకు తెలిసివచ్చిన సంగతి యొకటి కలదు. దానిని మీకు విన్నవింపవలెననియే యీ వ్యాసము.

మాది విజయవాడలో మూడుగదుల యిల్లు. మావారు బ్యాంకి యుద్యోగి. నేను పాఠశాలలో ఉపాధ్యాయినిని. మా కొక్కడే కుమారుడు. వాడు తన పదవయేట కుక్కపిల్ల కావలెనని పట్టిన పట్టు విడువక, తుదకు పగ్ జాతి పిల్లనొకదానిని ఇంటికి దెప్పించెను. 2003వ సంవత్సరమున హచ్ అను టెలిఫోను కంపెనీవారి ప్రకటనలో, ఒక బాలుడు ఎక్కడికి బోయిన నక్కడికెల్ల వెంటనడచిన చిన్నకుక్క మీలో పలువురకు జ్ఞాపకముండును. నాటినుండియు మనవా రీ జాతిని హచ్ కుక్కయనియే పిలుచుచున్నారు. ముట్టె లోపలికి నొక్కుకొనిపోయి, నుదుట ముడుతలు పడి, ఎల్లప్పుడు ఏదో దిగులుపడుచున్నట్లు కనబడుట దీని లక్షణము. చైనా దేశమున పుట్టి, లోకమెల్ల తిరిగి, తుదకు మా వసారా చేరినది.

వచ్చిన దినముననే అది తనకు పెట్టినదంతయు దిని, పళ్ళెమును నాకి, పళ్ళెము క్రింది నేలనుగూడ నాకినది. అది చూచి మావారు, "వీడు వృకోదరుడే!" యని మెచ్చుకొని భీముడని నామకరణము చేసిరి. పేరు పెట్టునపుడు భీమసేనుని యాకలి మాత్రమే మాకు జ్ఞప్తికి వచ్చెను. ఆయన తండ్రి యెవరో స్ఫురింపలేదు. వారము తిరుగకమునుపే మా భీముడు తాను నిజముగా వాయుపుత్రుడనని ఋజువు చేసికొనెను.

ఉరుముటకు ముందు మెరుపైనను కనబడును. భీముని విషయమున ఏ సూచనయు నుండదు. శబ్దము లేదు. హాయిగా నిద్రించుచుండును. ఉన్నట్లుండి గదిలోని వారందరు ఒక్కమారు మాట యాపుదురు. మావారు పంకా వేగము హెచ్చింతురు. నేను కిటికీ తెరతును. అబ్బాయి చొక్కా కొసతో ముక్కు మూసికొనును. అప్పుడు భీముడు మేల్కొని, తల వెనుకకు ద్రిప్పి, తన తోకవైపు ఆశ్చర్యముతో చూచి, ఈ పని చేసిన వారెవరని మమ్మే యడుగుచున్నట్లు మా ముఖములు చూచును. ఆ చూపునకు కోపము నిలువదు.

కాని యింటివారు నవ్వుకొనుట వేరు, వచ్చినవారియెదుట నుండుట వేరు. ఒక యాదివారము మావారి పై యధికారి భార్యాసమేతముగా మా యింటికి కాఫీకి వచ్చిరి. భీముడు సోఫా క్రింద నిద్రలో నుండెను. మా యింట కుక్క కలదని వారికి తెలియదు. రెండు గుక్కలు కాఫీ త్రాగునప్పటికి జరుగవలసినది జరిగినది. నేను నోరు విప్పలేకపోతిని. "మా కుక్కండీ" యన్నచో, కనబడని కుక్కమీద నెపము వేయుచున్నారని యనుకొందురు. అనకున్నచో మమ్మే యనుమానింతురు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇంతలో విచిత్రమేమన, ఆ యధికారియే కుర్చీలో నిటునటు కదలి, గుమ్మడికాయల దొంగ భుజములు తడవికొన్నట్లు ముఖము ఎఱ్ఱజేసికొనిరి. వారి భార్య వారివైపు చూచిన చూపు నే నెన్నటికిని మరువను. కాఫీ సగము మిగిల్చి ఇరువురును తొందరపనియున్నదని లేచిపోయిరి. నాలుగు దినములు మథనపడి మావారు కార్యాలయమున వారితో నిజము చెప్పగా, ఆయన పెద్దగా నిట్టూర్చి, "ఆ మాట మా యావిడతో మీరే స్వయముగా చెప్పండి, మీకు పుణ్యముంటుంది" అని బ్రతిమాలుకొనిరట.

ఇట్లుండగా మా మామగారు కాలధర్మము చెందిరి. తెనాలి ప్రాంతపు పల్లెలో ఏబదియేండ్లు సంసారము నడిపిన మా అత్తగారు మా యింటికి వచ్చి చేరిరి. ఆమె ఆచారము గల మనిషి. భీముని చూచినతోడనే, "వంటింటి గడప దాటనిచ్చారంటే నేను మంచినీళ్ళైనా ముట్టను" అని కట్టడి చేసిరి. భీముని ప్రజ్ఞ మొదటిమారు తెలిసిన దినమున మాత్రము, "ఇది కుక్కటే అమ్మాయీ! కంసాలి కొలిమితిత్తి" యని చీరచెరగు ముక్కున కడ్డము పెట్టుకొనిరి.

ఆమె వచ్చిన రెండు నెలలలో భీముని గాలి తగ్గుటకు మారుగా రెట్టింపయ్యెను. దుకాణమున కొను మేతకు వేరొక రకము మార్చితిమి. గుణము లేదు. పొరుగువాటావారు మెట్లపై కలిసినప్పుడు, "మీ యింటి మురుగుగొట్టము పగిలినదేమో చూపించండి" యని మర్యాదగా చెప్పిరి. దానితో మావారికి విసుగు పుట్టి, ఊరిబయట తోటలో నున్న స్నేహితునకు కుక్క నిచ్చివేయుదమనిరి. అబ్బాయి ఆ రాత్రి అన్నము ముట్టలేదు. భీమునిప్రక్క చాప వేసికొని పండుకొనెను. ఆ వాసనలో వాడెట్లు నిద్రించెనో ఆ భగవంతునకే యెరుక! తెల్లవారినపిదప నేను భీముని వెంటబెట్టుకొని పశువైద్యునియొద్దకు బోయితిని. అది తుది ప్రయత్నమని మా యింట నందరకు తెలియును.

ఆ వైద్యుడు నవ్వక, ముక్కు మూసికొనక, ఓపికతో నాకు బోధించిన సంగతులు మీకును ఉపకరించును. కడుపులోనికి గాలి రెండు దారుల చేరునట. మొదటిది నోటిదారి. ఆత్రముగా తిను కుక్క అన్నముతోబాటు గాలినిగూడ మ్రింగును. పగ్, బుల్‌డాగ్, బాక్సర్ వంటి చప్పిడిముక్కు జాతుల కీ బాధ హెచ్చు. రెండవది ప్రేవులలో పుట్టు గాలి. దోసెలపిండి రాత్రి కలిపియుంచిన తెల్లవారునప్పటికి పొంగును గదా! అట్టి పులియుటయే పెద్దప్రేవులోను జరుగును. కంది, శనగ మొదలగు పప్పుధాన్యములలో రాఫినోజు, స్టాకియోజు అను చక్కెరలు గలవు. వానిని విడగొట్టు జీర్ణరసము కుక్కకును లేదు, మనకును లేదు. అవి అరుగకయే పెద్దప్రేవు చేరగా, అచ్చటి సూక్ష్మజీవులు వానిని పులియబెట్టి హైడ్రోజను, బొగ్గుపులుసుగాలి మున్నగు వాయువులను పుట్టించును. పాలును అట్టివే. తల్లిపాలు మానినపిదప పలుకుక్కలకు పాలలోని చక్కెరను అరిగించుకొను శక్తి తగ్గిపోవును. ఇక వాసన సంగతి. వెలువడు గాలిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు వాసన లేనిదే. మిగిలిన యా కొంచెములోని గంధక సంబంధమైన వాయువులే ఇంటిల్లిపాదిని లేవగొట్టును. క్యాబేజీ, ముల్లంగి, గ్రుడ్లు మొదలగువానిలో గంధకము హెచ్చు.

ఈ విషయము మనబోటి వారికే గాక మహానుభావులకును పట్టినదని తరువాత చదివి తెలిసికొంటిని. మెరుపునందు విద్యుచ్ఛక్తి కలదని నిరూపించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1781వ సంవత్సర ప్రాంతమున ఒక పరిహాసలేఖ వ్రాసి, అన్నములో కలుపుకొన్నచో అపానవాయువు సుగంధమగునట్టి మందును కనిపెట్టుడని పండితులను కోరెను. 2001వ సంవత్సరమున ఇంగ్లండులోని పరిశోధకులు కుక్కలకు చిన్న యంత్రము గల చొక్కాలు తొడిగి, వెలువడు గంధకపు గాలిని కొలిచి, ప్రక్కన నొక మనిషిని కూర్చుండబెట్టి వాసనకు 1 మొదలు 5 వరకు అంకెలు వేయించిరి. ఇది విని మా యబ్బాయి, "భీముడికి ఆరు వేయాలమ్మా" యనెను. బొగ్గుపొడి, యుక్కాయను మొక్క, జింకు లవణము కలిపిన తినుబండారము పెట్టగా వాసన తగ్గినదని ఆ పరిశోధనలో తేలినది. అయిన నట్టివి వైద్యుని యడుగక పెట్టరాదు.

ఇదంతయు చెప్పి వైద్యుడు, "మీరేమి పెట్టుచున్నా" రని యడిగెను. కొన్న మేతయు, రాత్రి కొంచెము అన్నమును తప్ప మరేమియు లేదంటిని. ఆయన భీముని కడుపు తడవి చూచి, "మీరు చెప్పిన పట్టికకును ఈ కడుపునకును పొత్తు కుదురలేదు. వారము దినములు దీని నోట పడినదెల్ల పుస్తకమున వ్రాసి తెండి" యనెను. ఇంటికి వచ్చి అందరిని అడిగితిని. మావారు అప్పుడప్పుడు బిస్కత్తు పెట్టుదుననిరి. అబ్బాయి తలయూపెను. అత్తగారు, "నేనా! దాని గాలి సోకితేనే స్నానం చేసేదాన్ని" అనిరి. అట్లే వ్రాసికొంటిని.

నాలుగవ దినము శనివారము. పాఠశాల మధ్యాహ్నమే విడిచిపెట్టిరి. నేను వేళగాని వేళ ఇంటికి వచ్చితిని. పెరటివైపున మాటలు వినబడెను. ఎవరైన చుట్టములు వచ్చిరేమో యని కిటికీలోనుండి చూచితిని. వెనుక వసారాలో అత్తగారు పీట వేసికొని కూర్చుండిరి. ఆమె ముందు విస్తరి. రెండుమూరల దూరమున భీముడు. వాని ముందు నింకొక విస్తరి! దానిలో కందిపప్పు కలిపిన అన్నము, క్యాబేజీకూర. ప్రక్కన గిన్నెతో పాలు. అత్తగారు ఒక ముద్ద తాము నోట బెట్టుకొని, భీమునితో, "మీ మామగారికి ఈ కూరంటే ప్రాణం. పదిమంది పంక్తిని కూర్చున్నా ఆయన విస్తట్లోకి మారు వడ్డించాల్సిందే" అనుచుండిరి. భీముడు తల యొకప్రక్కకు వంచి వినుచుండెను. వాని విస్తరి ఖాళీయగుట చూచి ఆమె, "ఇంకొంచెం వెయ్యనా నాయనా? మొహమాటపడకు" అనిరి.

నేను లోపలికి బోలేకపోతిని. వీథిగుమ్మముకడకు మరలివచ్చి కొంతసేపు నిలుచుంటిని. నవ్వు రావలసినదే. వచ్చినది వేరు. ఆరోజు వ్రాయవలసిన పుస్తకమును దెరచితిని గాని కలము సాగలేదు. కుక్క యేమి తిన్నదో నాలుగు దినములనుండి గంటగంటకు వ్రాసికొనుచున్నాను. మా అత్తగారు ఎవరితో గూర్చుండి తినుచున్నారో నేనొక్కనాడును అడిగినదానను కాను. ఉదయము మేము మువ్వురము మూడువేళల తిని పరుగెత్తుదుము. రాత్రి ఒకరు ఎనిమిదికి, ఒకరు తొమ్మిదికి, ఒకరు సెల్‌ఫోను చూచుచు. ఏబదియేండ్లు పంక్తికి వడ్డించిన చేయి మా యింట నొక్క విస్తరి వేసికొనుచున్నది.

సాయంకాలము మెల్లగా ఆ మాట యెత్తితిని. ఆమె తల వంచుకొని, "పెట్టకూడదని నాకు తెలియదే అమ్మాయీ. ఎదురుగా ఒక ప్రాణి లేందే ముద్ద దిగదు. నీతో చెబితే నవ్వుతావని చెప్పలేదు" అనిరి. నేను నవ్వలేదు. "తప్పు మాది అత్తయ్యా" యంటిని.

మరునాటినుండి రాత్రిభోజనము ఎనిమిదింటికి అందరము కలసియే. సెల్‌ఫోనులు అలమారలో. మధ్యాహ్నమునకు, మురుగుగొట్టము సంగతి చెప్పిన పొరుగింటి పిన్నిగారే తోడు దొరకిరి. ఆమెయు పగలెల్ల ఒంటరియే. ఇద్దరును చెరియొక కూర చేసికొని మా వసారాలో తినుచున్నారు. భీముని చోటు భీమునిదే. కాని వాని విస్తరిలో ఇప్పుడు వాని మేతయు, అత్తగారి చేతినుండి ఉడికించిన క్యారెట్టు ముక్కలు నాలుగును మాత్రమే. "మారు అడగకురా, డాక్టరు కోప్పడతాడు" అని ఆమెయే వానికి చెప్పుచుందురు. రెండువారములలో వాసన సగమునకు దిగినది. తోటకు బంపుదమన్న మాట మరల నెవరును ఎత్తలేదు.

కుక్కలను పెంచు సోదరీమణులకు మా యనుభవమున తేలినవి కొన్ని చెప్పెదను. ఒక్కమారే కడుపునిండ పెట్టక, దినమునకు రెండుమూడు మారులుగా కొంచెము కొంచెము పెట్టవలెను. ఆత్రగాండ్రకు నడుమ గట్టులుగల పళ్ళెము దుకాణములందు దొరకును. అందులోని మేత ఏరుకొని తినవలసివచ్చుటచే గాలి మ్రింగుట తగ్గును. మేత మార్చునపుడు పాతదానిలో క్రొత్తది దినదినము హెచ్చించుచు వారము దినములలో మార్చవలెను. ప్రతిదినము నడిపింపవలెను, పగ్ వంటి చప్పిడిముక్కు కుక్కలు మన యెండలకు తాళలేవు గావున ఉదయమో, పొద్దుగుంకినపిదపనో మాత్రమే. మన కడుపుబ్బరమునకు వాడు మందులు వానికి వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి వాని రక్తమునకు చేటు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండములకు చేటు. చాకొలెట్టును, పంచదారకు బదులుగా జైలిటాల్ కలిపిన తీపి వస్తువులును విషతుల్యములు.

ఒక్కమాట మాత్రము నవ్వుచు చదువవలదు. గాలితోబాటు వాంతులు, విరేచనములు, చిక్కిపోవుట, తిండి మానుట కనబడిన వైద్యునకు చూపవలెను. కడుపు డోలువలె ఉబ్బి, కుక్క డోకుచున్నను ఏమియు రాక, చొంగ కార్చుచు, నిలువలేక తిరుగులాడినచో క్షణమాలస్యము చేయరాదు. అది పొట్ట గాలితో నిండి మెలిపడు ప్రమాదమై యుండవచ్చును. అల్సేషియన్, గ్రేట్‌డేన్, డాబర్‌మన్ వంటి లోతైన రొమ్ముగల పెద్దజాతులకు ఇది హెచ్చుగా కలుగును. గంటలలో ప్రాణము దీయును. రాత్రియైనను వెంటనే వైద్యుని తలుపు తట్టవలెను.

ఇక తుదిసంగతి. మొన్న నొకనాడు భీమునకు పండ్లు శుభ్రము చేయించుటకై వైద్యశాలయందు రాత్రి యుంచవలసివచ్చెను. ఆ రాత్రి మేము నలుగురమును భోజనమునకు గూర్చుంటిమి. పులుసు కలుపుకొనునప్పటికి, చిరపరిచితమైన ఆ వాసన మెల్లగా వ్యాపించెను. అలవాటు చొప్పున, "ఛీ, భీమా!" అని మువ్వురము ఒక్కమారే బల్లక్రిందికి వంగి చూచితిమి. బల్లక్రింద నెవరును లేరు. తలలెత్తి ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి. గదిలో నిశ్శబ్దము.

అత్తగారు విస్తరివైపు చూచుచు, "నేనేనర్రా" యనిరి. "ఇన్నాళ్ళూ నా పద్దుకూడా వాడే మోశాడు, పాపం!"

అబ్బాయి ముందుగా పకపక నవ్వెను. తరువాత మావారు. తరువాత నేను. తుదకు అత్తగారు. కన్నుల నీరు కారునంతగా నవ్వితిమి. నవ్వు తగ్గినపిదప ఆమె చెప్పిన మాట యిది: "ఈ వయసులో కడుపు నా మాట వినదమ్మాయీ. చుట్టాలిళ్ళకు వెళితే ఆ సిగ్గుతో దూరంగా గోడవార కూర్చునేదాన్ని. ఇక్కడ వాడున్నాడన్న ధైర్యంతోనే మీ మధ్యన కూర్చుంటున్నాను."

మరునాడు భీముడు ఇంటికి వచ్చెను. గడపలో అడుగు పెట్టి, ఒక్కమారు ఒడలు విదల్చి, తన రాకను తనకు తెలిసిన విధముగా తెలియజేసెను. నేను కిటికీ తెరువబోవుచుండగా అత్తగారు పీటపైనుండియే, "ఉండనీవే అమ్మాయీ, వాడిప్పుడేగా వచ్చాడు" అనిరి.